ట్యూబులో రక్తం, ఎదురు కుర్చీలో మనిషి

అమ్మాయీ,

నువ్వు పంపిన పేపర్లన్నీ వారం రోజులు కూర్చుని చదివాను. పాతవి ఎన్‌కే కణాల మీద (వైరస్ సోకిన కణాల్నీ, క్యాన్సర్ కణాల్నీ చంపే రక్షణ కణాలు), కొత్తవి మానసిక చికిత్స చేసే థెరపీ గదిలోంచి వచ్చినవి. రెండూ రాసిన చెయ్యి ఒకటేనని చదువుతుంటేనే తెలుస్తోంది. చాలా సంతోషమేసింది. ఇప్పుడు ఈ రెంటినీ కలిపి ఒక అధ్యయనం చెయ్యాలనుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు మేడం అని అడిగావు. ఆ రెండు గదుల్లోనూ ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతాను.

మొదట నీ చిత్తుప్రతిలో రెండో వాక్యం కొట్టెయ్. ‘మానసిక చికిత్స రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అని రాశావు. పెంచడమంటే ఏమిటి? ఏ కణం, రక్తంలోనా కణజాలంలోనా, ఎంతకాలం, ఎవరిలో? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది, దానితో బాధపడే మనిషికి ఆ వ్యవస్థ ఇంకా రెచ్చిపోతే కీడే. డిప్రెషన్‌లో మనం చూడాలనుకునేది కూడా చాలాసార్లు తగ్గుదలే, సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో రగిలే వాపు) గుర్తులు రక్తంలో దిగాయా అని. ఆ ఇన్‌ఫ్లమేషన్ కూడా అందరిలో ఎక్కువగా ఉండదు. ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మీద 2013లో వచ్చిన పరీక్ష చదివే ఉంటావు. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిలో మొత్తం మీద ఆ మందు ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచెయ్యలేదు. సీఆర్‌పీ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో మాత్రం మేలు జాడ కనిపించింది. కాబట్టి ఎవరిలో ఏది కొలుస్తున్నావో ముందు తేల్చుకో. ‘ఇమ్యూనిటీ పెరుగుతుంది’ అన్నది ప్రకటనల్లో వాడే మాట. కణాన్ని పేరు పెట్టి పిలవగలిగిన నువ్వు వాడాల్సింది కాదు.

ఈ రంగంలో చదవాల్సినవి బోలెడు. 1975లో ఏడర్, కోహెన్ ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, వెంటనే రోగనిరోధక వ్యవస్థను అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చారు. తర్వాత తీపి నీళ్లు మాత్రమే ఇచ్చినా వాటిలో యాంటీబాడీలు తగ్గాయి. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను మాత్రం మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ కథ నీ బల్ల మీద పెట్టుకోమంటాను. 1989లో ఆయన బృందం, వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. వారం వారం గ్రూప్ థెరపీకి వెళ్లినవాళ్లు సగటున 36.6 నెలలు, వెళ్లనివాళ్లు 18.9 నెలలు బతికారు. ప్రపంచమంతా ఆ అంకెల గురించే మాట్లాడుకుంది. 2001లో 235 మందితో కెనడాలో చేసిన పరీక్షలో ఆయుష్షు పెరగలేదు. కానీ మొదట్లో ఎక్కువ బాధలో ఉన్నవాళ్లకు మనసులోని భారమూ, నొప్పీ తగ్గాయి. స్పీగెల్ తనే మళ్లీ పరీక్ష పెట్టి, మొత్తం మీద ఆయుష్షులో తేడా రాలేదని 2007లో అచ్చేశాడు. తనకు పేరు తెచ్చిన ఫలితాన్ని తన చేతులతోనే మళ్లీ తూచిన మనిషి. ఆయనంటే నాకు చాలా గౌరవం.

దీనికి ఎదురుగా మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెంక్ సంగతి ఉంది. ఫలానా స్వభావం ఉన్నవాళ్లకే క్యాన్సర్ వస్తుందని, థెరపీతో ఆ చావుల్ని ఎంతో తగ్గించవచ్చని గ్రోసార్ట్-మాటిచెక్‌తో కలిసి రాస్తూ పోయాడు. 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ జరిపి, వాళ్లిద్దరి పేర్లతో వచ్చిన 26 ప్రచురణలు నమ్మదగినవి కావని తేల్చింది. నమ్మాలని మనసు లాగే ఫలితాన్నే అందరికంటే ఎక్కువగా అనుమానించాలి.

ఇక పని విషయానికొస్తాను. నీ కణాల పేపర్లలో కణాల్ని గుర్తుపట్టడానికి వాడిన ప్రతి యాంటీబాడీకీ అది ఏ రకమో చెప్పే క్లోన్ పేరు, ఏ బ్యాచో చెప్పే లాట్ నంబరు రాశావు. మరి కొత్త చిత్తుప్రతిలో థెరపీ గురించి ఏం రాశావు? ‘పాల్గొన్నవారికి పన్నెండు సెషన్లు ఇచ్చాం’ అని ఒక్క లైను. ఇచ్చినవాళ్లు ఎంతమంది? వాళ్ల శిక్షణ ఏమిటి? సెషన్లు రికార్డు చేశారా, పద్ధతి ప్రకారమే సాగాయో లేదో బయటివాళ్లెవరైనా విని చూశారా? థెరపిస్టుకీ వచ్చినవాళ్లకీ మధ్య నమ్మకం కుదిరిందా, దాన్ని కొలిచారా? ఒకే థెరపిస్టు చూసిన పదిమంది పది విడివిడి మనుషులు కారు, లెక్కల్లో ఆ ముడి కనబడాలి. థెరపీని రీఏజెంట్‌లా (ల్యాబ్‌లో కలిపే రసాయనంలా) వాడి దాని వివరాలే రాయకపోతే, ఫలితం వచ్చినా దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. థెరపీ వైపు పేపర్లలో ఇదే తిరగబడుతుంది. అక్కడ ఇరవై పేజీలు సెషన్ల గురించి, ఒక్క లైను రక్తం గురించి. నువ్వు రెండు వైపులా తెలిసినదానివి, రెండు వైపులా పూర్తిగా రాయి.

రక్తం దగ్గర నాకు జరిగింది చెబుతాను. ఒక అధ్యయనంలో థెరపీ వాళ్లలో ఎన్‌కే కణాలు స్పష్టంగా పెరిగాయి. రాసేశాం, బొమ్మలు కూడా వేసేశాం. పంపడానికి వారం ముందు రక్తం తీసే నర్సు మామూలుగా మాట్లాడుతూ ఒక మాటంది. థెరపీ వాళ్లు సెషన్ అవగానే రెండు అంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ వస్తారు, పోలిక గుంపు వాళ్లకు మాత్రం కింది గదిలోనే తీస్తాం అని. నా గుండె జారిపోయింది. అడ్రినలిన్ పెరిగితే ఎన్‌కే కణాలు రక్తనాళాల గోడలనూ ప్లీహాన్నీ వదిలి నిమిషాల్లో రక్తంలోకి వచ్చేస్తాయని నాకు తెలియనిదా? తెలిసీ మెట్ల గురించి అడగలేదు. ఆ పేపరు ఆపేశాం. అప్పటినుంచి నా అధ్యయనాల్లో అందరూ ఒకే గదికి వస్తారు, అరగంట కూర్చుంటారు, ఆ తర్వాతే సూది.

రక్తం తీసే గంట కూడా ముఖ్యమే. పొద్దున కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది, రక్తంలో టీ కణాలు (ఇవీ రక్షణ కణాలే) తగ్గి ఉంటాయి, రాత్రికి మళ్లీ పెరుగుతాయి. మొదటి శాంపిల్ ఉదయం ఎనిమిదింటికి, చివరిది సాయంత్రం నాలుగింటికి తీస్తే నువ్వు కొలిచింది గడియారాన్ని. శాతాలు మాత్రమే రాయకు, మైక్రోలీటరుకు ఎన్ని కణాలో రాయి. టీ, ఎన్‌కే లాంటి తెల్ల రక్తకణాలైన లింఫోసైట్లు మొత్తం 2000 ఉండి, వాటిలో 200 ఎన్‌కే అయితే 10 శాతం. మిగతా కణాలు తగ్గి మొత్తం 1600 అయితే, అవే 200 కణాలు 12.5 శాతం అవుతాయి. ఒక్క ఎన్‌కే కణమైనా పెరగలేదు, గ్రాఫ్ మాత్రం పైకి లేస్తుంది. శరీరంలోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి దాదాపు 2 శాతమేనన్నది కూడా మర్చిపోకు. రక్తంలో తగ్గినవి చచ్చిపోయాయని కాదు, ఇంకెక్కడికో వెళ్లి ఉండవచ్చు. జలుబు, నిద్ర, సిగరెట్, బరువు, వాడే మందులు ప్రతిసారీ అడిగి రాయించు. ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని రకాలవారీగా లెక్కించే యంత్రంలో) ఏ కణాలు లెక్కలోకి వస్తాయో గేటు గీసి తేల్చే మనిషికి ఏ ట్యూబు ఏ గుంపుదో తెలియకూడదు.

లెక్కల గురించి క్లుప్తంగా. ముఖ్యమైన కొలత ఒక్కటే ఎంచుకుని, మొదటి మనిషిని చేర్చుకోకముందే రిజిస్టర్ చెయ్యి. 20 గుర్తులు కొలిస్తే, అసలేమీ లేకపోయినా సగటున ఒకటి 0.05 కింద పడి, నిజమైన తేడాలా కనిపిస్తుంది. ఆ ముఖ్యమైన కొలత మనిషి బాధకు సంబంధించినదై ఉండాలని నా గట్టి అభిప్రాయం, కణాలు రెండో వరుసలో ఉండాలి. 2020లో 56 యాదృచ్ఛిక పరీక్షల్ని, 4,060 మందిని కలిపి చూసిన సమీక్షలో సీబీటీ (ఆలోచనల్నీ, అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) లాంటి చికిత్సలకూ రోగనిరోధక వ్యవస్థలో మంచి మార్పులకూ సంబంధం కనిపించింది. ఆశ ఉంది. కానీ కణం కదలకపోయినా మనిషి తేరుకుంటే ఆ థెరపీ పనిచేసినట్టే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకావిడ ఉంది. క్యాన్సర్ చికిత్స మధ్యలో మా దగ్గరికి వచ్చేది. ఒకరోజు సెషన్‌లో చాలాసేపు ఏడ్చింది. లేచి వెళుతూ తలుపు పట్టుకుని ఆగి, ‘ఇవాళ ఏడ్చాను కదా, నా కణాలు తగ్గిపోతాయా అమ్మా?’ అని అడిగింది. ఆవిడ చేతిలో మేమిచ్చిన కాగితమే ఉంది. అందులో ‘మీ మనోస్థితి మీ రక్షణ కణాలను ప్రభావితం చేస్తుంది’ అని ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. ఏడవడానికి వచ్చిన చోట ఏడవడమే తప్పేమోనని ఆవిడకు టెన్షన్ పెట్టింది. వెంటనే కూర్చోబెట్టి, ఏడిస్తే జబ్బు పెరగదని విడమరిచి చెప్పాను. సమ్మతి పత్రంలో ఏ మాటలుండాలో అప్పటినుంచి నేనే చూస్తాను. ఎవరి కణాల అంకెలూ మధ్యలో వాళ్లకు చెప్పం, థెరపిస్టుకీ చెప్పం. నువ్వు ఎవరికి థెరపీ చేస్తావో వాళ్ల రక్తం నువ్వు తియ్యకు. ఎవరి కథైనా అచ్చులో పెట్టాలంటే, రాసినదాన్ని వాళ్లకు చదవనిచ్చి మళ్లీ అడుగు. మొదట్లో పెట్టిన సంతకం సరిపోదు.

నీ మూడో పేపర్లో రెండో బొమ్మ నన్ను వదలడం లేదు. ఎనిమిదో వారంలో ఎన్‌కే కణాలు అంతగా ఎందుకు పెరిగాయి? ఆ శాంపిళ్లు ఏ గంటకు తీశారో ల్యాబ్ పుస్తకంలో రాసే ఉంటుంది. ఆ గంటలూ, ముడి సంఖ్యలూ ఒక షీట్‌లో ఎక్కించి నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేడం