చేతిరుమాలు అంచుతో బొమ్మకు లంగా

ప్రశ్న: అమ్మా, మా పాపకు ఏడేళ్లు. పుట్టినరోజుకు వాళ్ల మేనత్త 11.5 అంగుళాల ప్లాస్టిక్ బొమ్మను ఇచ్చింది. దానికి ఉన్నది ఒక్కటే గౌను. లంగా జాకెట్ కావాలని పాప రోజూ అడుగుతోంది. ఆన్‌లైన్‌లో చూస్తే బొమ్మ బట్టలు పాప బట్టల ధరే ఉన్నాయి. మా ఇంట్లో మిషన్ లేదు. నాకు గుండీలు కుట్టడం, చీరకు ఫాల్ వేయడం తప్ప ఏమీ రాదు. చేత్తో కుట్టగలనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఫాల్ వేయడం వచ్చంటే మీకు హెమ్మింగ్ వచ్చినట్టే. బొమ్మ బట్టల్లో సగానికి పైగా పని అదేనమ్మా. నేను ఇరవై ఏళ్లు మిషన్ మీద జాకెట్లు కుట్టాను. మా మనవరాలి బొమ్మలకు మాత్రం మొదటి నుంచీ చేత్తోనే కుడుతున్నాను. రెండు వేళ్లు కూడా పట్టని చెయ్యిని మిషన్ పాదం కింద తిప్పడం నాకే కష్టం. ఆ పని సూదికి సుఖంగా కుదురుతుంది.

ముందు గుడ్డ సంగతి చూడాలి. బొమ్మ మనిషిలో ఆరో వంతు ఉంటుంది, గుడ్డ మందం మాత్రం ఆరో వంతుకు తగ్గదు. అందుకే మనకు బాగున్న పట్టు బొమ్మకు వేస్తే గోనెసంచిలా నిలబడుతుంది. మెత్తగా ఉతికి ఉతికి పలచబడిన నూలు వెతకండి. పాత వెంకటగిరి చీర చెంగు, పాప చిన్నప్పటి జుబ్బాలు, లైనింగ్ గుడ్డ, మగవాళ్ల చేతిరుమాళ్లు, అన్నీ పనికొస్తాయి. పువ్వులుంటే మిరియం గింజంత పువ్వులు చూడండి. పోచంపల్లి ముక్క ఎంత అందంగా ఉన్నా, ఒక్క డైమండే లంగా అంతా ఆక్రమిస్తే డిజైన్ కనబడదు. మీ వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడను అడిగితే కత్తిరింపు ముక్కలు ఒక కవరు నిండా ఇస్తుంది. నేనూ అలా ఎందరికో ఇచ్చాను.

ముదురు రంగులతో జాగ్రత్త. ఒకసారి నేను మెరూన్ ముక్కతో లంగా కుట్టి, ఉతకకుండానే తొడిగాను. నెల తర్వాత విప్పితే బొమ్మ కాళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. సబ్బు పెట్టినా పోలేదు. మనవరాలు ఏమీ అనలేదు కానీ, ఆ బొమ్మను చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. రంగు దిగడం పూర్తిగా ఆగేదాకా గుడ్డను ఉతకండి. అప్పటికీ నమ్మకం లేకపోతే లోపల తెల్ల లైనింగ్ వేయండి.

లంగాకు చేతిరుమాలు ఎందుకు చెబుతున్నానంటే, దాని అంచు ముందే కుట్టి ఉంటుంది. ఆ అంచు కిందకు వచ్చేలా పెట్టుకుంటే మీకు పెద్ద హెమ్మింగ్ తప్పిపోతుంది. 14 అంగుళాల వెడల్పు, నడుము నుంచి మడమ దాకా దారంతో కొలిచిన పొడవుకు అరంగుళం కలిపి కత్తిరించండి. ఈ బొమ్మకు ఆ పొడవు ఏడు, ఏడున్నర అంగుళాలు వస్తుంది. జరీ అంచు కావాలంటే ఇప్పుడే, గుడ్డ పరిచి ఉండగానే కుట్టేయండి. పై అంచున రెండు వరుసలు టాకాలు వేసి, రెండు దారాలూ కలిపి లాగితే కుచ్చిళ్లు వాటంతటవే పడతాయి. ఒక్క వరుసే వేస్తే కుచ్చిళ్లు అటూ ఇటూ పడుకుంటాయి. రిబ్బన్ ముక్కను నడుము పట్టీగా మడిచి కుట్టి, చివర్లను బొందుల్లా వదిలేయండి. పట్టీ కింద ఒకటిన్నర అంగుళం తెరిచి ఉంచి, మిగతా వెనక భాగం కలిపి కుట్టాలి. తుంటి దగ్గర పట్టకపోతే ఇంత కష్టమూ వృథా.

జాకెట్‌కు చంకలు విడిగా కత్తిరించే పని పెట్టుకోకండి. పురిటి పిల్లల జుబ్బా గుర్తుందా? అదే పద్ధతి. ముక్కను నాలుగు మడతలు వేసి, మూల దగ్గర మెడ, పక్కన చెయ్యి, కింద ఒళ్లు వచ్చేలా ఒకేసారి కత్తిరించడమే. వీపు నిలువునా పూర్తిగా తెరిచే ఉండాలి, ఆ మడతల కోసం ఒంటి చుట్టుకొలతకు ముప్పావు అంగుళం ఎక్కువ ఉంచుకోండి. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు న్యూస్‌పేపర్‌తో ఒకటి చేసి బొమ్మకు చుట్టి చూడండి. కాగితం రెండుసార్లు పాడైనా నష్టం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం కుట్టే వరుస. మెడ, చేతుల అంచులు, వీపు మడతలు ముందు కుట్టాలి. ఆ తర్వాతే పక్కలు కలపాలి. పక్కలు ముందు కలిపేస్తే చేతి గొట్టంలోకి మీ వేలు కూడా దూరదు. పక్కలకు మామూలు టాకా చాలదు, లాగితే విడిపోతుంది. ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వేసే కుట్టు వేయండి. చంక మూల దగ్గర కుట్టు తెగకుండా చిన్న గాటు పెడితే ముడతలు పడదు. పోగులు ఊడే గుడ్డయితే, ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి అంచున సన్నగా రాసి ఆరనివ్వండి.

మీరు డబ్బు పెట్టాల్సినవి రెండే: 10వ నంబరు సన్న సూదులు, జాకెట్ వీపు మూయడానికి అన్నిటికన్నా చిన్న టిచ్ బటన్లు. పోయినసారి మా ఫ్యాన్సీ షాపులో రెండూ కలిపి 40 రూపాయలు అయ్యాయి. వెల్‌క్రో కొనకండి, బొమ్మ జుట్టును పట్టేస్తుంది. తొడిగేటప్పుడు బొమ్మ వేళ్లు దారాలకు తగులుతుంటే, చేతికి చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి దూర్చండి. సర్రున దిగిపోతుంది.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి ఎర్రచందనం రాజా రాణి బొమ్మలున్నాయి. ఎనిమిది అంగుళాలు ఉంటాయి. దసరా కొలువుకు చీర, పంచె కట్టాలని ఉంది. ఎలా కట్టినా రాణిగారి నడుము లావైపోతోంది.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పెళ్లిలో ఆడపిల్లకు ఇచ్చి పంపే జంట అది, భద్రంగా చూసుకోండి. మీరు చీర మొత్తం ఒకే ముక్కతో చుడుతున్నట్టున్నారు. మన చీర అయిదున్నర మీటర్లు. మీ బొమ్మ మనిషిలో ఎనిమిదో వంతు ఉంటుంది కాబట్టి, చీరలోనూ ఎనిమిదో వంతంటే 27 అంగుళాలు. అంత గుడ్డ ఆ చిన్న నడుముకు చుడితే లావు కాక ఏమవుతుంది? రెండు ముక్కలు చేయండి. కింద కుచ్చిళ్లకు ఒకటి, పైన పవిటకు ఒకటి. కుచ్చిళ్లు ముందే మడిచి, ఇస్త్రీ చేసి, పై అంచున టాకా వేసి, సన్న పట్టీతో నడుముకు కట్టండి. పవిట ముక్కను ఆ పట్టీలో దోపితే చాలు. ఈ బొమ్మలకు చేతులు ఒంటికి అంటుకునే ఉంటాయి కాబట్టి జాకెట్ తొడగలేం. పట్టీలా చుట్టి వీపున నాలుగు కుట్లు వేయండి. రాజుగారి పంచెకు మంగళగిరి జాకెట్టు ముక్క అంచు కత్తిరించండి. చెక్క మీద జిగురు, గుండుసూదులు మాత్రం వద్దు.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల అమ్మాయి తానే కుడతానంటోంది. సూది ఇవ్వొచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పక్కన కూర్చుని ఇవ్వండి. బెజ్జం పెద్దగా ఉన్న ఎంబ్రాయిడరీ సూది, మూరెడు దారం, పాత గళ్ల లుంగీ ముక్క. గడి గీత మీదే టాకా వేయమంటే కుట్టు వంకర పోదు. దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. మొదట దుప్పటి కుట్టించండి, బొమ్మకు అది వెంటనే పనికొస్తుంది. లేచేటప్పుడు సూదులు ఎన్ని తీశారో అన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయడం కూడా పాప చేతే చేయించండి.