మురుగునీటి ప్లాంటులో ఉద్యోగం: మావాణ్ణి పంపమంటారా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లా, నక్కవాగు పక్కన పల్లె. రెండెకరాల రైతును. మా అబ్బాయి కెమిస్ట్రీతో బీఎస్సీ పాసయ్యాడు. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్ ట్రైనీగా రమ్మన్నారు. నెలకు 17 వేలు, మూడు షిఫ్టులు. డిగ్రీ చదివి మురికినీళ్ళ దగ్గర కాపలా ఏమిటని ఇంట్లో గొడవగా ఉంది. పైగా అక్కడ గ్యాస్ పీల్చి మనుషులు చనిపోతారని పేపర్లో చదివాం. మా బావమరిది అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేయించమంటున్నాడు. ఫీజు, హాస్టల్ కలిపి రెండున్నర లక్షలు. ఎకరం కుదువ పెట్టాలి. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. సోమవారం లోపల కంపెనీకి జవాబివ్వాలి.

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏడూ డిగ్రీ ఫలితాలు రాగానే మొదలవుతాయి. ఉద్యోగం పేరు మారుతుంది. ఒకరు బాయిలర్ అంటారు, ఒకరు స్టోర్స్ అంటారు, మీరు ఈటీపీ అన్నారు. అడిగేది మాత్రం అదే: మా పిల్లవాడు క్షేమంగా ఇంటికొస్తాడా, వాడు చేసే పని నలుగురిలో చెప్పుకోగలమా? మొదటిది న్యాయమైన భయం, ముందు దాని సంగతే చూస్తాను. రెండోదాని గురించి కొంచెం గట్టిగా మాట్లాడవలసి వస్తుంది, ఏమీ అనుకోకండి.

మీరు చదివిన వార్తలు నిజమే. 2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయబోయి విషవాయువు పీల్చి ఐదుగురు చనిపోయారు. 2022 జనవరిలో సూరత్ పారిశ్రామికవాడలో ట్యాంకర్‌లోని రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదలడంతో వచ్చిన గ్యాస్‌కి ఆరుగురు పోయారు.

అయితే ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. వాడకంలో లేని పాత బావిలో పూడిక తీయాలంటే మన పెద్దవాళ్ళు ఏం చేసేవారు? ముందు తాడు కట్టి దీపం దించేవారు. దీపం ఆరిపోతే మనిషిని దించేవారు కాదు. ఈటీపీ ట్యాంకు కూడా అలాంటి బావే. గాలి ఆడని మురుగు, అడుగున పేరుకున్న స్లడ్జ్ (మడ్డి) కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలి కంటే బరువు కాబట్టి అడుగునే కూర్చుంటుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 100 పాళ్ళ గ్యాస్) దాటితే ముక్కుకి ఆ వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయింది, గ్యాస్ కూడా పోయిందనుకుని మనిషి ఇంకో రెండు మెట్లు దిగుతాడు. 500 దాటిన చోట నిమిషాల్లో పడిపోతాడు. పైన నిలబడ్డవాడు ‘అరే, ఏమైందిరా’ అంటూ వెనకాలే దూకుతాడు, అతని వెనక ఇంకొకడు. ఇలాంటి ప్రమాదాల్లో ఒక్కరు కాకుండా ముగ్గురు, నలుగురు పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మీ పెద్దల దీపం బదులు ఇప్పుడు గ్యాస్ మీటర్ ఉంది. ట్యాంకులో మండే గ్యాస్ కూడా ఉండవచ్చు కనుక అక్కడ దీపం మాట అసలు ఎత్తకూడదు. మీటర్‌ని తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్ల చూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5 కంటే తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దగ్గరికి వచ్చినా మనిషిని దించకూడదు. ముక్కుకి కట్టుకునే గుడ్డ, మామూలు మాస్కు ఇక్కడ దేనికీ పనికిరావు. డబ్బా మాస్కు కొన్ని గ్యాస్‌లను ఆపుతుందే కానీ లేని ఆక్సిజన్‌ని తెచ్చి ఇవ్వలేదు. నడుముకి బెల్టు, పైన తాడు పట్టుకుని ఒక మనిషి, చేతిలో రాతపూర్వకమైన పర్మిట్ ఉండాలి. బెల్టు, తాడు, పర్మిట్ ఈమధ్య వచ్చిన షోకు నియమాలనుకోకండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాసి పెట్టారు. పాటించే చోట పాటిస్తున్నారు. పాటించని చోటు నుంచే మనకు వార్తలు వస్తున్నాయి.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఊరూ కంపెనీ పేరూ అడగకండి. చేరి ఐదు నెలలైంది. రాత్రి షిఫ్టులో ట్యాంకు అడుగున పంపు జామ్ అయింది. ‘ఐదు నిమిషాల పనిరా, దిగి చేత్తో లాగెయ్’ అన్నాడు సూపర్‌వైజర్. పర్మిట్ లేదు, మీటర్ ఆఫీసులో తాళం వేసి ఉంది. అబ్బాయి దిగనన్నాడు. తిట్లు తిన్నాడు. పొద్దున్నే మెకానిక్ వచ్చి చైన్ బ్లాక్ తగిలించి పంపునే పైకి లాగాడు. దానికి చుట్టుకున్న గుడ్డపేలికలు తీసి మళ్ళీ దించాడు. అసలు మనిషి దిగాల్సిన పనే కాదు. నాకు ఫోన్ చేసినప్పుడు ఆ అబ్బాయి అన్న మాట మీరు వినాలి: ‘గ్యాస్ గురించి ఆలోచించలేదు సార్, అది నాకు తెలుసు. ఉద్యోగం పోతే నాన్న ఏమంటాడోనని పది నిమిషాలు నిలబడిపోయాను.’

ఆ పది నిమిషాల బెదురు మీ ఇంట్లో ఉండకూడదు. మీవాడు చేరే ముందే అతనితో ఒక్కమాట చెప్పండి: ‘పర్మిట్ లేకుండా దిగమంటే దిగకు. ఉద్యోగం పోతే పోనీ, ఇంటికి రా, నేనేమీ అనను.’ మీరు నోరు విప్పి చెప్పాలి. మనసులో ఉంటే చాలదు.

ఇక రోజువారీ పని. ట్యాంకులోకి దిగడం ఆపరేటర్ పనిలో చాలా చిన్న భాగం. మందుల కంపెనీలో ఉప్పు శాతం ఎక్కువున్న నీళ్ళు, తక్కువున్న నీళ్ళు వేర్వేరు పైపుల్లో వస్తాయి. ఎక్కువున్నవి స్ట్రిప్పర్, ఎంఈఈ, ఏటీఎఫ్‌డీ అనే, నీళ్ళని మరిగించి ఆరబెట్టే యంత్రాల మీదుగా వెళ్ళి ఆవిరై ఉప్పుగా మిగులుతాయి. ఆ ఉప్పు దుండిగల్ లాంటి చోట ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రానికి పోతుంది. తక్కువున్న నీళ్ళలోని మురికిని, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియా తింటుంది. ఆపైన ఆర్‌ఓలోంచి తీసిన నీళ్ళు కూలింగ్ టవర్‌కో బాయిలర్‌కో తిరిగి వస్తాయి.

ఒకసారి నా దగ్గరికి సలహాకి వచ్చే పిల్లలతో ఒక ప్లాంటుకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఏరేషన్ ట్యాంకులోంచి లీటరు గాజు సిలిండర్ నిండా నీళ్ళు ముంచి గట్టు మీద పెట్టాడు. ‘అరగంట దీన్ని ఎవరూ కదపొద్దు’ అన్నాడు. గోధుమరంగు మడ్డి మెల్లగా అడుక్కి దిగి, పైన తేట మిగలాలి. ఆరోజు మడ్డి దిగలేదు, పైకి తేలింది, తేట కూడా పాలిపోయి ఉంది. వాసన చూసి, రాత్రి లాగ్‌బుక్ తిరగేసి, ‘ఏ బ్లాకువాళ్ళో రెండో షిఫ్టులో సాల్వెంట్ రసాయనం వదిలారు, నా బ్యాక్టీరియాకి దెబ్బ తగిలింది’ అన్నాడు. ఫోన్ తీసి నేరుగా ప్రొడక్షన్ మేనేజర్‌నే అడిగాడు. మేనేజర్ కాదనలేకపోయాడు. కెమిస్ట్రీ చదివినవాడు చేయవలసిన పని ఇది. కాపలా అనే మాట మీరు దీనికి వాడకండి.

గ్యాస్ కాక వేరే ప్రమాదాలూ ఉన్నాయి, దాచను. యాసిడ్, కాస్టిక్ రోజూ చేతికింద ఉంటాయి. కంట్లో పడితే ఆ క్షణమే నీళ్ళతో పావుగంట కడగాలి. సల్ఫైడ్ ఉన్న నీళ్ళలో యాసిడ్ కలిస్తే నిమిషాల్లో విషవాయువు లేస్తుంది. హైపో (బ్లీచింగ్ ద్రావణం) డ్రమ్ములో యాసిడ్ పడితే క్లోరిన్ విషవాయువు. అందుకే లేబుల్ లేని డబ్బా ముట్టకూడదు. ఇంకొకటి చాలామందికి తెలియదు: బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) బాగా నడుస్తున్న ఏరేషన్ ట్యాంకులో పడితే ఈతగాడు కూడా మునిగిపోతాడు. నీళ్ళనిండా గాలిబుడగలే కాబట్టి అవి మనిషిని తేల్చలేవు. నక్కవాగులో ఈదిన ధైర్యం అక్కడ పనికిరాదని మీవాడికి చెప్పండి. రెయిలింగ్ విరిగి ఉంటే ఆ గట్టు మీద నడవకూడదు.

మరి ఈ కంపెనీ ఎలాంటిదో ఎలా తెలుస్తుంది? మీవాడు ఒకసారి ప్లాంటు చూపించమని అడగాలి. గ్యాస్ మీటర్ ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ట్యాంకులోకి దిగే పర్మిట్ పుస్తకం ఒకసారి చూడొచ్చా? సేఫ్టీ షవర్ తిప్పితే నీళ్ళు వస్తున్నాయా? రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉంటాడా, ఇద్దరా? ఈ ప్రశ్నలకి ముఖం చిట్లించే చోట చేరవద్దు. చూపించి, వివరించి చెప్పే చోట నిశ్చింతగా చేరవచ్చు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: జీతం కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టరా? ఈటీపీలు నడపడం చాలాచోట్ల కాంట్రాక్టుకి ఇచ్చేస్తున్నారు. కాంట్రాక్టరైనా పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి మీవాడి 17 వేలకీ ఉండాలి. లేదంటే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టవద్దు.

డేటా సైన్స్ గురించి. ఆ రంగం మంచిదే, అందులో స్థిరపడ్డ పిల్లలు నాకూ తెలుసు. వాళ్ళు లెక్కల్లో గట్టివాళ్ళు, లేదా రెండు మూడేళ్ళు ప్రోగ్రామింగ్ చేసి అటు మళ్ళినవాళ్ళు. నాకు అనుమానం ఆరు నెలల కోర్సు మీద, అందులోనూ ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు మీద. కోర్సు ముగిసి, సర్టిఫికెట్ ఫైలు పట్టుకుని, హాస్టల్ బకాయితో నా ముందు కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంటర్వ్యూలో ప్రాబబిలిటీ అడిగితే ఆగిపోయారు. కోర్సులో సాఫ్ట్‌వేర్ నేర్పారు, దాని వెనకున్న లెక్క నేర్పలేదు. ఏడాది తిరిగేసరికి ఆ కోర్సు గానీ, వదిలేసిన కెమిస్ట్రీ గానీ చేతిలో మిగలవు. ఇంటికి వెళ్ళలేక ఇంకో కోర్సులో చేరతారు. మీ బావమరిది మీ మంచి కోరే చెప్పాడు, కాదనను. కానీ ఆ సంస్థకి వెళ్ళి, పోయిన బ్యాచ్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలెవరికి ఉద్యోగం వచ్చిందో అడగండి, వాళ్ళతో మాట్లాడించమనండి. ఫీజు తిరిగిచ్చే షరతు కాగితం మీద రాసిమ్మనండి. ఆ తర్వాతే పొలం పాస్‌బుక్ బయటికి తీయడం గురించి ఆలోచించవచ్చు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. ఇంత ఉత్తరం రాశారు. బావమరిది ఏమన్నాడో ఉంది, ఇంట్లో ఏమనుకుంటున్నారో ఉంది. అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అతన్ని అడిగారా? అడగకుండానే ఎకరం దాకా వెళ్ళిపోయారు. పెళ్ళి కావలసిన పిల్లవాడు, మురికినీళ్ళ ఉద్యోగమంటే సంబంధాలు రావని మీ భయమనుకుంటాను. మీరు రాయకపోయినా చాలామంది తండ్రులు నాతో చివర్లో చెప్పేది ఇదే. కుదువపెట్టిన పొలం, పని లేని కొడుకు ఉన్న ఇంటికి సంబంధాలు వస్తాయా, చెప్పండి?

మీరు నక్కవాగు పక్కన ఉన్నారు. ఫ్యాక్టరీల మురుగు కలిసిన ఆ నీళ్ళతో వరి పండించలేక, గొడ్లకి తాగించలేక ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఎంత అల్లాడాయో, 1990లో సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో నేను మీకు చెప్పనక్కర్లేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయి వచ్చిన నీళ్ళని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి అన్నది పేరుకి జరిగితే వాగుకి ఏమవుతుందో మీ పొలమే చూసింది. ఇప్పుడు మీ కొడుకు ఆ శుద్ధి చేసే చోటికి వెళ్తానంటే సిగ్గుపడతారా? గట్టివాన పడిన రాత్రి ‘ఆ వాల్వ్ తిప్పి మురుగు వాగులోకి వదిలేయ్, ఎవరికీ తెలియదు’ అని ఎవరైనా అంటే తిప్పననే మనిషి అక్కడ ఉండాలి. వాగు పక్కన పుట్టినవాడైతే మరీ మంచిది. అలా అడిగే కంపెనీ అని తెలిస్తే మాత్రం ఆ నెల జీతం తీసుకుని బయటికి వచ్చేయమనండి. లాగ్‌బుక్ మీద సంతకం మీవాడిది, మేనేజర్‌ది కాదు.

పోల్చి చెప్పమన్నారు. నా ఓటు ఉద్యోగానికే, పైన చెప్పిన ప్రశ్నలకి సరైన జవాబులు వస్తేనే. రెండేళ్ళు చేస్తే షిఫ్ట్ ఇన్‌చార్జ్ వైపో, ఎన్విరాన్‌మెంట్ కెమిస్ట్ వైపో దారి ఉంది. గచ్చిబౌలిలోని ఈపీటీఆర్‌ఐ (పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ) లాంటి చోట్ల శిక్షణ తీసుకోవచ్చు. ఆర్‌ఓ బాగా నేర్చినవాడికి గల్ఫ్‌లో ఉప్పునీటి శుద్ధి ప్లాంట్లలో కూడా పని ఉంటుంది. కంప్యూటర్ అంటే నిజంగా ఇష్టమైతే అదీ ఇక్కడే మొదలుపెట్టవచ్చు. 2014 నుంచి మందుల కంపెనీలతో సహా 17 రకాల పరిశ్రమలు పీహెచ్, సీఓడీ లాంటి నీటి కాలుష్యపు అంకెలను ఆన్‌లైన్‌లో కాలుష్య మండళ్ళకి పంపవలసి వస్తోంది. ఆ సెన్సర్లు, ప్లాంటుని కంప్యూటర్‌తో నడిపే పీఎల్‌సీ, స్కాడా నేర్చుకుంటే ప్లాంటు తెలిసిన కంప్యూటర్ మనిషి అవుతాడు.

సోమవారం జవాబివ్వాలి కదా, శనివారమే అబ్బాయిని కంపెనీకి పంపండి. మీరూ వెంట వెళ్ళండి, మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర కూర్చోండి. షిఫ్ట్ దిగి వచ్చే ఆపరేటర్లని టీ కొట్టు దగ్గర పలకరించి, ట్యాంకులోకి దిగేటప్పుడు మీటర్ దించుతారా అని అడగండి. వాళ్ళు నిజం చెబుతారు. వాళ్ళేమన్నారో, మీ అబ్బాయి ఏమన్నాడో ఆదివారం నాకు రాయండి.