రెండు ఇమేజ్ సెర్చ్ పద్ధతులను పోల్చేటప్పుడు ఎంఏపీ స్కోరు ఒక్కటే చూస్తే సరిపోతుందా?

రెండు పద్ధతుల్లో ఎంఏపీ, అంటే మీన్ యావరేజ్ ప్రెసిషన్, ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవచ్చా అని మీరు అడిగారు. ఒక ఫొటోను క్వెరీగా, అంటే వెతకడానికి నమూనాగా, ఇస్తే దానికి సరిపోయే ఫొటోలను సెర్చ్ వరుసగా చూపుతుంది; సరైనవి ఎంత ముందు వస్తే ఎంఏపీ అంత పెరుగుతుంది. ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవచ్చు గాని, ఆ అంకెను ఎలా లెక్కగట్టారో ముందు చూడాలి. హైదరాబాద్ పాతబస్తీ కట్టడాల ఫొటోల కోసం ఒక చిన్న సెర్చ్ తయారుచేసినప్పుడు ఇది నాకు తెలిసివచ్చింది.

మొదటి స్కోరు చూసి మురిసిపోయాను. తీరా చూస్తే, క్వెరీగా ఇచ్చిన ఫొటో సేకరణలోనూ ఉండడం వల్ల ప్రతిసారీ అదే మొదటి స్థానంలో వచ్చి కూర్చుంటోంది. సరైన ఫొటోలు మూడు ఉండి, అవి 1, 3, 6 స్థానాల్లో వచ్చాయనుకోండి. ఆ స్థానాల దగ్గర ప్రెసిషన్, అంటే అక్కడిదాకా వచ్చినవాటిలో సరైనవాటి వంతు, 1, 0.67, 0.5 గనుక సగటు 0.72 అవుతుంది; ఇలా అన్ని క్వెరీలకూ వచ్చినవాటి సగటే ఎంఏపీ. మొదటిది క్వెరీ ఫొటోయే కాబట్టి దాన్ని తీసేస్తే, మిగిలిన రెండూ 2, 5 స్థానాలకు జరిగి, సగటు 0.45కు పడిపోతుంది.

అంతకంటే చిక్కైనది, సరైన ఫొటో అంటే ఏదన్న ప్రశ్న. చార్మినార్ నాలుగు వైపుల నుంచీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. చూడవచ్చినవారికి ఏ వైపు ఫొటో అయినా ఒకటే, గచ్చు పనిని పరిశీలించేవారికి మాత్రం కాదు. లాడ్ బజార్‌లో తీసిన ఫొటోల్లోనైతే గాజుల దుకాణాల బోర్డుల పైన మినారు కొస మాత్రమే కనిపిస్తుంది. వాటిని సరైనవనాలో కాదనాలో నాకూ, ఈ పనిలో నాతో ఉన్నవారికీ ఎంతకీ కుదరలేదు. ఇలాంటి సెర్చ్ పద్ధతులను పరీక్షించడానికి 2007లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ బిల్డింగ్స్ డేటాసెట్ (ఫొటోల సేకరణ)లో 5,062 ఫొటోలు, 11 కట్టడాలు, 55 క్వెరీలు ఉన్నాయి. కట్టడంలో పావు వంతు కూడా కనిపించని ఫొటోలను అందులో జంక్‌గా గుర్తించి, అవి జాబితాలో లేనట్టే లెక్కగట్టారు. మేమూ చివరికి అదే పాటించాము. 2018లో ఆ డేటాసెట్ లేబుళ్లలోని (ఏ క్వెరీకి ఏ ఫొటో సరైనదో చెప్పే గుర్తుల్లోని) తప్పులను సరిదిద్ది, సులువు, మధ్యస్థం, కఠినం అని స్థాయిలు పెట్టినప్పుడు, పాత లెక్కలో బాగా రాణించిన పద్ధతులకు కూడా కఠిన స్థాయిలో స్కోర్లు బాగా తగ్గాయి.

కాబట్టి సగటుతో ఆగకుండా ఒక్కో క్వెరీకి రెండు పద్ధతుల స్కోర్లను పక్కపక్కన పెట్టి చూడండి; మీ సెర్చ్ వాడేవారు మొదటి పది ఫలితాలు మాత్రమే చూసేవారైతే, ఆ పదింటిలో సరైనవెన్నో కూడా లెక్కించండి. మా దగ్గర సగటులో గెలిచిన పద్ధతి రంజాన్ రాత్రుల దీపాల వెలుగులో తీసిన ఫొటోల దగ్గర తడబడింది. మా సెర్చ్‌కు ఎక్కువగా వచ్చేవి అలాంటి ఫొటోలే గనుక, స్కోరు కొంచెం తక్కువైనా రెండోదాన్నే ఉంచుకున్నాము.