మేడ చిన్నదైతే యాంటెన్నా ఎలా వెయ్యాలంటే

అల్లుడూ,

విజయనగరంలో మీ మేడ మీద 40 అడుగులే ఉన్నాయి, హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలకి) యాంటెన్నా ఎలా వెయ్యను మావయ్యా అన్నావు కదా. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (మధ్యలో రేడియో కేబుల్ కలిపి రెండు పక్కలా చాపే తీగ యాంటెన్నా) అంటే సుమారు 66 అడుగుల తీగ కావాలి, నిజమే. అయినా ఆశ వదులుకోకు.

ముందే కాయిల్ (తీగ చుట్ట) చుట్టేయకు, మొదట కొసలు వంచి చూడు. డైపోల్‌లో కరెంటు మధ్యలోనే ఎక్కువ, కొసలకి వెళ్లేసరికి దాదాపు ఉండదు. అంచేత 40 అడుగులు తిన్నగా లాగి, రెండు పక్కలా మిగిలిన 13 అడుగుల్ని పక్కకి తిప్పినా, కిందికి వేలాడదీసినా పెద్దగా పోయేదేం లేదు. కానీ కొసల్లో వోల్టేజీ ఎక్కువ, బట్టల దండేనికీ పిల్లల చేతికీ అందనివ్వకు. వీధి కరెంటు తీగల వైపైతే అసలు పోనివ్వకు.

వంచే చోటు కూడా లేకపోతే అప్పుడు కాయిల్. పొట్టి తీగ రేడియోకి కెపాసిటర్‌లా కనిపిస్తుంది, కాయిల్ దాన్ని సరిచేస్తుంది, తీగ పొడుగైనట్టే లెక్క. నేను మొదటిసారి సన్న తీగతో దగ్గర దగ్గరగా చుట్టి, ఫీడ్ పాయింట్ (కేబుల్ కలిసే చోటు) పక్కనే పెట్టాను. పది నిమిషాలు మాట్లాడి దింపి చూస్తే పీవీసీ పైపు మెత్తబడి, తీగ చుట్లు అందులోకి దిగబడి ఉన్నాయి. గాల్లోకి వెళ్లాల్సిన పవరు అక్కడే వేడైపోయింది! అందుకే కాయిల్‌ని డైపోల్‌లో ఒక్కో పక్క తీగకి సగం దూరంలో పెట్టు, అక్కడ చుట్లు ఎక్కువ పట్టినా పని బాగుంటుంది. మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో లావుపాటి ఎనామిల్ తీగ తీసుకో. తీగతో పాటే వలలు అల్లే నైలాన్ దారం కలిపి చుట్టి, తర్వాత దారం లాగేస్తే చుట్ల మధ్య ఖాళీ సమానంగా వస్తుంది. కావాల్సిన దానికంటే నాలుగైదు చుట్లు ఎక్కువే వేసి, ఒక్కొక్కటీ విప్పుతూ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో చూపేది) చూసుకో, విప్పేకొద్దీ యాంటెన్నా పలికే ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. బ్యాండ్‌విడ్త్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) మాత్రం ఇరుకవుతుంది, నువ్వు ఎక్కువగా మాట్లాడే ఫ్రీక్వెన్సీకే ట్యూన్ చేసుకో.

అతుకులన్నిటికీ సోల్డర్ పెట్టి టేపు చుట్టు, వానల్లో రాగి పచ్చబడిపోతుంది. అక్టోబరు లోపే కట్టెయ్యరా. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ ఫోన్లూ పోయి మనవాళ్లు ఎంత అవస్థ పడ్డారో నీకు తెలుసు.

మొదటి ఎస్‌డబ్ల్యూఆర్ రీడింగ్ ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ మావయ్య