‘అమ్మా, గుప్తరోగాలంటే ఏంటి?’

ప్రశ్న: మావాడికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మొన్న బస్టాండులో గోడ మీద పోస్టర్ చదివి, అంతమంది జనంలో గట్టిగా ‘అమ్మా, గుప్తరోగాలంటే ఏంటి?’ అని అడిగాడు. ‘నీకెందుకురా’ అని కసిరేశాను. అప్పటినుంచి టెన్షన్‌గానే ఉంది. ఇప్పుడే చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయంటారు వాళ్ల నాన్న. చెప్పాలా, వద్దా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: చెప్పండమ్మా, ఈ వారంలోనే చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ పోస్టర్ వేసినవాళ్లే చెబుతారు, హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడతాయని భయపెట్టి డబ్బు గుంజుతారు. హస్తప్రయోగంతో నరాలు బలహీనపడవు, సుఖవ్యాధులు రావు, నిద్రలో వీర్యం పోవడం ఆ వయసులో మామూలే. ముందు ఆ భయం తీసేయండి.

‘మొన్న ఊరికే కసిరాను, నువ్వు అడిగింది మంచి ప్రశ్నే’ అని మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు, చిక్కుడుకాయలు వలుస్తూనో, బండి మీద వెళ్తూనో మాట్లాడితే ఇద్దరికీ బిడియం తగ్గుతుంది.

గుప్తరోగాలంటే లైంగిక సంబంధం వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులని చెప్పండి. మన పెద్దవాళ్లు సెగ, సవాయి అనే గనేరియా, సిఫిలిస్ సరైన యాంటీబయాటిక్ మందులతో నయమవుతాయి. హెచ్‌ఐవీ ఒంట్లోంచి పూర్తిగా పోదు గానీ, ఆ వైరస్‌ను అణచి ఉంచడానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకునేవాళ్లు అందరిలాగే బతుకుతున్నారు. కలిసి తింటే, దోమ కుడితే అది రాదు.

ఒక్క విషయం మాత్రం వాడికి బాగా ఎక్కాలి. మనిషిని చూసి జబ్బు ఉందో లేదో చెప్పలేం, చాలాసార్లు ఉన్నవాళ్లకే తెలియదు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి, మందు వేయకపోయినా దానంతట అదే మానిపోతుంది, కానీ జబ్బు లోపలే ఉండి ఏళ్ల తర్వాత మెదడునూ గుండెనూ దెబ్బతీయొచ్చు. పుండు మానింది కదా అని దాచుకున్న కుర్రాడికే ఎక్కువ ప్రమాదం. అందుకే ‘ఏం జరిగినా ముందు నాకు చెప్పు, తిట్టను’ అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. అయితే ఇలాంటివి నేర్పడం వల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. కండోమ్ ఎందుకో ఆయన చేతే చెప్పించండి, మగపిల్లాడు తండ్రి నోట వింటే ఇంకా మంచిది.

హెచ్‌పీవీ అనేది కూడా ఇలా లైంగికంగా అంటుకునే వైరస్సే, దాని టీకా గురించి కూడా డాక్టరుని అడగండి. ఈ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసేదే అయినా మగపిల్లలకూ పనికొస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే 6 నెలల తేడాతో 2 డోసులు చాలు, 15 నిండాక మొదలుపెడితే మామూలుగా 3 వేస్తారు.

మీకే ఏదైనా అనుమానం వస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. వాడికి మంటో, పుండో కనిపిస్తే మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేయకుండా పెద్దాసుపత్రిలో ఇలాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్‌కి తీసుకెళ్లండి.