గోడలో పైపు దడదడ: బిల్డర్‌ను అడగాలా, పైవాళ్లనా?

ప్రశ్న: హనుమకొండలో మూడేళ్ల కింద 38 లక్షలకు రెండో అంతస్తు ఫ్లాటు కొన్నాం. పైన నల్లా కట్టేసినప్పుడల్లా మా పడకగది గోడలో ధన్‌మని చప్పుడు. ఏడాది వారంటీ అయిపోయిందని బిల్డర్ తప్పుకుంటున్నాడు. పైవాళ్ల మీద కేసు వేయొచ్చా?

జవాబు: పైవాళ్ల మీద కేసు మాట ఇప్పుడే వద్దు. నల్లా వాడుకోవడం తప్పు కాదు. చప్పుడు ఎక్కడ పుడుతోందో తేలితేనే ఎవరిని పట్టుకోవాలో తేలుతుంది.

పైవాళ్లను అడిగి అదే నల్లాను మెల్లగా కట్టించి చూడండి. చప్పుడు తగ్గితే అది వాటర్ హ్యామర్. పారే నీళ్లు ఒక్కసారిగా ఆగి పైపును కుదుపుతాయి, పట్టు లేని పైపు గోడకు కొట్టుకుంటుంది. డక్టు (పైపులు దిగే నిలువు సందు) తలుపు తీసి నిలువు పైపును చేత్తో కదపండి. పైపును గోడకు బిగించే క్లాంపు అంతస్తుకు ఒకటైనా లేక ఊగుతుంటే అది పనితనంలో లోపం, బిల్డర్ బాధ్యత. మోటారు ఆగిన క్షణంలోనే దెబ్బ వినిపిస్తే నాన్ రిటర్న్ వాల్వును (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) ప్లంబరుకు చూపించండి. మోటార్లు, సంపులు, ట్యాంకులు ఉమ్మడి ఆస్తి కనుక వాటి మరమ్మతు అసోసియేషన్ చూడాలి. ఒక్క నల్లానే కీచుమంటే వాషర్ అరిగి ఉంటుంది, ఆ ఇంటివాళ్లే మార్చుకోవాలి.

ఇక వారంటీ మాట. రెరా (ఇళ్లు, ప్లాట్లు కట్టి అమ్మేవాళ్లను నియంత్రించే కేంద్ర చట్టం) 2016, సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు పనితనం లోపం చూపితే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. లెక్క రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు. మీకింకా గడువుంది.

ముందే గోడ పగలగొట్టించకండి, చూపడానికి ఆధారం మిగలదు. ప్లంబరుతో లోపం ఎక్కడుందో రాయించి సంతకం తీసుకోండి. చప్పుడు వీడియో తీసి, ఆ ఫోను అలాగే ఉంచండి: సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఆ వీడియోకు ధ్రువపత్రం జతచేయాల్సి వస్తుంది. ఆపై బిల్డర్‌కు 30 రోజుల గడువుతో స్పీడ్‌పోస్టులో నోటీసు పంపి, అందిన రుజువు దాచుకోండి.

కదలకపోతే ఆ చట్టం కింద పనిచేసే నియంత్రణ సంస్థ తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయండి. ప్రాజెక్టు రిజిస్టర్ అయిందో లేదో ముందు చూసుకోండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న అపార్ట్‌మెంట్లు ఆ కోవలోకి రావచ్చు. అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ మేలు. 50 లక్షల లోపు చెల్లింపు దాని పరిధిలోకి వస్తుంది, మీ మొత్తానికి ఫీజు 1,000 రూపాయలు. అక్కడ ఫిర్యాదు గడువు, దానికి కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్లే, కాబట్టి చప్పుడు మొదలైన తేదీ, బిల్డర్ కాదన్న తేదీ రాసిపెట్టుకోండి.

పైవాళ్ల వాషింగ్ మెషిన్ వాల్వు దగ్గర హ్యామర్ అరెస్టర్ (నీటి కుదుపును పీల్చుకునే చిన్న పరికరం) పెడితే తగ్గుతుందని ప్లంబరు చెబితే, వాళ్ల ఒప్పుదల రాయించుకుని పెట్టించండి. కోపంలో డక్టులో వాళ్ల వాల్వు మాత్రం కట్టేయకండి, కేసు మీ మీదికే తిరుగుతుంది.