నీ కథలోని ‘ఇన్‌టాక్ట్’ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

వరద తీశాక అటక మీది సామాను దించే సన్నివేశం బాగుంది. కానీ ఆ ఒక్క పేజీలోనే ‘ఇన్‌టాక్ట్‌గా’ అని నాలుగుసార్లు రాశావు: ఆవకాయ జాడీ, ఇంటి పత్రాలు, తాత, చివరికి అప్పుడే కొన్న కొత్త ఫోను. చదువుతుంటే కోపం వచ్చింది. వీటిలో రెండుచోట్ల ఇంగ్లీషులోనే ఆ మాట నప్పదు.

లాటిన్‌లో ‘టాంగెరె’ అంటే తాకడం. ‘ఇన్‌టాక్టస్’ అంటే తాకనిది. చెడిపోవాల్సిన గండం ఒకటి దాటి కూడా మొత్తంగా నిలిచినదానికే ఇంగ్లీషువాళ్లు ఈ మాట వాడతారు. కొత్త ఫోను దాటిన గండం ఏముంది? దెబ్బ తగలకుండా బయటపడ్డ మనిషినైతే ‘అన్‌హర్ట్’ అంటారు. పశువైద్యుల నోట ‘ఇన్‌టాక్ట్’ అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయని జంతువు. ‘వెరీ ఇన్‌టాక్ట్’ అని కూడా రాశావు. మొత్తంగా ఉన్నదానికి ఇంకా ఎక్కువ ఉండదు, కాస్త తక్కువ ఉండొచ్చు. 1922లో పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్ కనుగొన్న ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిని ‘నియర్లీ ఇన్‌టాక్ట్’, అంటే దాదాపు ఇన్‌టాక్ట్, అనేది అందుకే. ప్రాచీనకాలంలోనే దొంగలు అందులో దూరి కొంత పట్టుకుపోయారు.

మనకు ‘అక్షతం’ ఉంది. క్షతం అంటే గాయం. రోకటి పోటు తిని కూడా విరగని గింజే అక్షతల్లోకి వస్తుంది, విరిగితే నూక. ఇంగ్లీషు మాటలో ఉన్న గండం మన మాటలోనూ ఉంది, చూడు.

అలాగని అన్నిచోట్లా అక్షతం అనకు. జాడీ బీటవారదు, పత్రాలు పదిలంగా ఉంటాయి, కట్టడం చెక్కుచెదరదు, చెప్పిన మాట పొల్లుపోదు, తాత ఒంటిమీద గీటైనా పడదు. పత్రికల డెస్కుల్లో వీటన్నిటినీ కొట్టేసి ‘సురక్షితం’ అని దిద్దుతారు. ఆ దిద్దుబాటు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జాడీకీ తాతకీ ఒకే మాటేమిటి?

శీర్షిక గురించి, ఏ పత్రికకు పంపాలనే దాని గురించి అడిగావు. ముందు ఆ పేజీ తిరగరాయి. జాడీకి కట్టిన వాసెనగుడ్డ పొడిగా ఉందని, ఆవకాయ మీద నూనె తేట అలాగే నిలిచిందని రాయి. తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుంది. ఇంట్లో ఆడవాళ్లు మూత తీయగానే చూసేవి ఆ రెండే.